లోజెన్ దీవికి మూడో సంతకం

పసిఫిక్ దీవుల్లో, మజురో రేవులో భూముల గుమాస్తా ఒకడు శవమై తేలాడు. నడక కన్నా ముందు ఈత నేర్చుకునే జాతి వాళ్లది. అలాంటివాడు నడుంలోతు నీళ్లలో మునిగి చచ్చాడని రిపోర్టు రాయడానికి అక్కడి పోలీసులకే సిగ్గేసింది. చొక్కా లోపల ప్లాస్టిక్ సంచీలో మడత పెట్టిన కాగితం దొరికింది. దాని మీద మూడు సంతకాలకు చోటుంది. రెండు పడ్డాయి. మూడోది ఖాళీగా ఉంది.

ఆ కబురు అమెరికాలో, ఆర్కాన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో ఉన్న వీరాంజనేయులికి తొమ్మిది రోజుల తర్వాత ఒక కార్ వాష్‌లో అందింది. 2010 అక్టోబర్, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలు. బ్రీఫింగ్ ఇవ్వడానికి కార్ వాష్ కన్నా భద్రమైన చోటు ప్రపంచంలో లేదని గోపీనాథ్ గారి నమ్మకం. డీలక్స్ ప్యాకేజీ తీసుకుంటే ఏడు నిమిషాలు. బయట బ్రష్షులు, నీళ్లు, సబ్బు నురగ. ఏ మైక్రోఫోనూ ఆ రొద దాటి లోపలి మాట పట్టలేదు.

“కోడ్ చెప్పు,” అన్నాడాయన స్టీరింగ్ వదిలేసి.

“సార్, అయిదేళ్లుగా నన్ను చూస్తున్నారు.”

“రూల్ రూలేనోయ్.”

“టైర్లలో గాలి తగ్గింది.”

“వాన వెలిశాక కొట్టిద్దాం. ఊఁ, ఇప్పుడు విను.”

గోపీనాథ్ గారికి డెబ్భై నిండాయి. 1967లో ఎనిమిది డాలర్లతో దిగిన తరం. భూగర్భజలాల సైంటిస్టుగా పసిఫిక్ సముద్రంలో దీవులన్నీ తిరిగాడు. రిటైరై గులాబీలు పెంచుకుంటున్నాడని భార్య ఆండాళ్ గారితో సహా అందరూ అనుకుంటారు. వీరాంజనేయులికి ముప్ఫై ఎనిమిది. ఊళ్లోవాళ్ల దృష్టిలో అతను సప్లై చైన్ సాఫ్ట్‌వేర్ రాసే కాంట్రాక్టర్. డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు పలకలేక ‘వీ’ అంటారు. ఏ డిపార్ట్‌మెంటో చెప్పకూడదు. చెప్పినా మీరు విని ఉండరు.

గోపీనాథ్ గారు ఒక ఫొటో అతని ఒళ్లో పడేశాడు. ఆకాశం నుంచి తీసింది. నీలం మధ్యలో తెల్లటి చుట్ట.

“ఏంటిది?”

“గారెలా ఉంది సార్.”

“గారే. సముద్రంలో తేలుతున్న గారె. దీన్ని అటాల్ అంటారు. పేరు లోజెన్. ఒకప్పుడు అక్కడ అగ్నిపర్వతం ఉండేది. లక్షల ఏళ్లకి కుంగిపోయింది. దాని ఒడ్డు చుట్టూ పట్టుకున్న పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పెరుగుతూ వచ్చాయి. కొండ పోయింది, చుట్ట మిగిలింది. చుట్ట మీద పద్నాలుగు ఇసుక తిప్పలు. ఒక్కదాని మీదే మనుషులున్నారు. నలభై ఒక్క మంది. ఆ దీవిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఎంతో తెలుసా? నీ ఎత్తంత.”

“ఎవడిక్కావాలి సార్ ఇది?”

“అక్కడికే వస్తున్నా. ఆ చుట్టకి పడమట ఒకే ఒక్క గండి. లోతు నూటపది అడుగులు. సబ్‌మెరైన్ దూరిపోయి లోపల కూచుంటే ఎవడికీ కనపడదు. మన అమెరికా మిసైల్ టెస్టులు ఆ ఆకాశం మీదుగానే పోతాయి. చెవి పెట్టుకుని వినడానికి అంతకన్నా మంచి అరుగు లేదు.”

పసిఫిక్ బ్లూ సీఫుడ్స్ అని ఒక కంపెనీ చేపల ఫ్యాక్టరీ పెడతానంటూ ఆ దీవిని అరవై ఏళ్లకి లీజు అడుగుతోంది. కంపెనీ వెనక ఒక పరాయి దేశపు గూఢచారి ముఠా ఉంది. ఆ దేశం పేరు ఇక్కడ రాయడం లేదు. కథ చివరికి వచ్చేసరికి ఆ పేరుతో పెద్దగా పని ఉండదు.

“అక్కడి పద్ధతి ప్రకారం నేల లీజుకివ్వాలంటే మూడు సంతకాలు పడాలి,” అన్నాడు గోపీనాథ్ గారు. “దొర, వంశపెద్ద, సాగు చేసేవాళ్ల పెద్ద. దొరా, సాగుపెద్దా పెట్టేశారు. గుమాస్తా అడ్డం చెప్పాడు, పోయాడు. మిగిలింది వంశపెద్ద. పేరు హెర్టన్. ఇక్కణ్ణుంచి అరగంట, స్ప్రింగ్‌డేల్‌లో కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆ దీవులవాళ్లు కొన్ని వేలమంది అక్కడే ఉన్నారు.”

“ఏ వీసా మీద?” అన్నాడు వీ. ఏ మనిషి గురించి చెప్పినా అతనికి మొదట నోట్లోకి వచ్చే ప్రశ్న అదే.

“వాళ్లకి వీసా అక్కర్లేదోయ్. ఒప్పందం ఉంది. వాళ్ల సముద్రంలో మనవాళ్లు బాంబులు పేల్చి చూసుకున్నారు కదా. వచ్చి పనిచేసుకోండి అన్నారు.”

పదకొండేళ్లు గ్రీన్ కార్డ్ కోసం లైన్లో నిలబడిన వీకి ఒక్క క్షణం అసూయ వేసింది. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

“వంశపెద్ద హెర్టనే అని గ్యారంటీయా సార్?”

“1974లో ఆ దీవి సెన్సస్ రాసింది నేనే. ఇంటింటికీ తిరిగి పెద్ద కొడుకు పేరు రాసుకొచ్చా. ఇదిగో, పెన్ను. దీంతో రాసింది పది నిమిషాల్లో మాయమైపోతుంది. అతను సంతకం పెట్టే రోజున ఇది అతని చేతిలో ఉండాలి.”

బ్రష్షులు ఆగిపోయాయి. పచ్చ లైటు వెలిగింది. కారు ఎండలోకి వచ్చింది.

*

వీ కవర్, అంటే పైకి చూపించే పని, చాలా చవకైనది. స్ప్రింగ్‌డేల్‌లో ఒక ఉచిత క్లినిక్ ఉంది. అక్కడ శనివారాలు ఫారాలు నింపిపెట్టే వాలంటీర్‌గా చేరాడు. ఆ పనికి అతనికన్నా అర్హుడు ఆర్కాన్సాలో దొరకడు. ఒకప్పుడు ఇమిగ్రేషన్ ఫారంలో ‘మిడిల్ నేమ్’ గడి ఖాళీ వదిలినందుకు అతని ఫైలు వెనక్కొచ్చింది. ఏడాది పోయింది. ఆ దెబ్బతో వీరాంజనేయులు జీవితంలో మళ్లీ ఏ గడీ ఖాళీ వదల్లేదు. లైబ్రరీ కార్డ్ ఫారంలో కూడా ‘వర్తించదు’ అని రాసి కింద గీత కొడతాడు. మనలో చాలామందికి ఉన్న జబ్బే.

హెర్టన్ తల్లి షుగర్ మందుల కోసం అక్కడికే వస్తుంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పూల గౌను, తల మీద కొబ్బరీనెలతో అల్లిన దువ్వెన. పేరు నెయ్మత్. అందరూ బుబు అంటారు. వాళ్ల భాషలో అమ్మమ్మ అని అర్థం.

“తండ్రి పేరు?” అన్నాడు వీ మొదటిరోజు. ఆ గడి అమెరికన్ ఫారంలో లేదు. మన ఊళ్లో పుట్టిన నోరు ఊరుకోక అడిగింది.

“ఎందుకు?” అంది బుబు. టీవీ చూసి నేర్చుకున్న ఇంగ్లిష్ ఆమెది. “మా అమ్మ లిమేరి. వాళ్లమ్మ తార్మా. వాళ్లమ్మ...”

“అబ్బే, నాన్న పేరు.”

బుబు పెద్దగా నవ్వి, మళ్లీ తల్లి పేరే చెప్పింది. ముసలావిడకి మతిమరుపని వీ అనుకున్నాడు. ఆ అనుకోవడం తర్వాత ఎంత పనిచేసిందో చూద్దురుగాని.

మూడో వారానికి అతను ఆమె ఇంట్లో చాప మీద కూచుంటున్నాడు. హెర్టన్ మీద కన్ను వేయడానికే వెళ్లాడు. కానీ హెర్టన్ షిఫ్ట్ నుంచి వచ్చి స్నానం చేసి పడుకునేవాడు. తొమ్మిదేళ్లుగా కోళ్ల ఎముకలు తీసీ తీసీ మణికట్లు వాచిపోయిన మనిషి, మాట తక్కువ. మాట్లాడేది బుబు. మాట్లాడుతూ చాప అల్లేది.

“ఇది మొగలాకు కదా!” అన్నాడు వీ చాప తడిమి. “మా ఊళ్లో కాలవగట్ల నిండా మొగలి పొదలే.”

“మీది దీవా?”

“దివిసీమ. చుట్టూ కృష్ణ పాయలు, సముద్రం. నాగాయలంక దగ్గర.” అక్కడ ఆగాల్సింది. ఏజెంట్ అన్నవాడు అక్కడ ఆగుతాడు. అతను ఆగలేదు. “డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చింది బుబూ. నాకు అయిదేళ్లు. మా అమ్మమ్మ నన్ను చీరతో కొబ్బరిచెట్టుకి కట్టేసింది. తనని కట్టుకోడానికి ఇంకో చీర లేదు.”

బుబు అల్లడం ఆపింది. “ఒళ్లు దొరికిందా?”

“లేదు.”

“అయ్యో, మరి ఏడవాలంటే ఎక్కడికి వెళ్తావు?”

ముప్ఫై మూడేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వీ గ్లాసులో నీళ్లు తాగి, ఫారం తిరగేసి చూస్తున్నట్టు నటించాడు.

ఆ రోజు బుబు తన సంగతంతా చెప్పింది. వాళ్ల తాతల కాలంలో జర్మన్లు వచ్చి ఎండుకొబ్బరి అడిగారు. తర్వాత జపాన్‌వాళ్లు వచ్చి సిమెంటు గదులు కట్టి, కొబ్బరి చెట్లు కొట్టి, యుద్ధంలో ఓడి వెళ్లిపోయారు. తర్వాత అమెరికన్లు వచ్చి చాక్లెట్లు ఇచ్చారు. 1954లో, బుబుకి పన్నెండేళ్లప్పుడు, దూరంగా ఇంకో అటాల్ మీద బాంబు పేల్చారు. గాలి ఇటు తిరిగింది. మూడు వారాల్లో తిరిగొచ్చేస్తారని చెప్పి అందర్నీ షిప్ ఎక్కించారు. మూడేళ్లు పట్టింది.

“తర్వాత ఇంకో షిప్ వచ్చింది,” అంది బుబు. “నీ రంగు మనిషే ఒకతను దిగాడు. మా బావి నీళ్లు సీసాల్లో పట్టుకున్నాడు. మా దీవిలో ఎక్కడ తవ్వినా పైన రెండు బారలే మంచినీళ్లు, కింద ఉప్పునీళ్లు. ఆ రెండు బారలే మా ప్రాణం. బాగానే ఉన్నాయి, తాగండి అన్నాడు. తాగమని చెంబుతో ఇస్తే రెండు చేతులూ ఇలా జోడించి వద్దన్నాడు. తనతో తెచ్చుకున్న సీసా తాగాడు. మా అమ్మ ఆ నీళ్లే తాగింది. గొంతులో గడ్డ లేచి పోయింది.”

రెండు చేతులూ ఎలా జోడించాడో ఆమె చేసి చూపించింది. ఆ దణ్ణం ఎవరిదో వీకి తెలుసు. ప్రతి మంగళవారం కార్ వాష్‌లో టోకెనిచ్చే కుర్రాడికి గోపీనాథ్ గారు పెట్టే దణ్ణం అది. ఆ పేరు మింగేశాడు. ఉద్యోగం కదా.

“అమ్మ సమాధి లోజెన్‌లో ఉంది,” అంది బుబు. “చుట్టూ తెల్ల పగడపు రాళ్లు పేర్చాను. పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలాను. అది నా చోటు. ఈ చాప నాకే, అందులో చుట్టమని హెర్టన్‌కి చెప్పాను. ఇక్కడ చలినేలలో నన్ను పెట్టకూడదు. ఎవరో కంపెనీవాళ్లు బోటు వేస్తారట. వేస్తే వెళ్లిపోతాను.”

వెళ్లేముందు తన క్యారేజీ విప్పి అన్నంలో ఉలవచారు పోసిపెట్టాడు వీ. బుబు ఒక ముద్ద తిని, కళ్లు పెద్దవి చేసి, గిన్నె ముందుకు జరిపింది. ఆ పేరు నోటికి పట్టించుకోడానికి వారం పట్టింది. “ఉలావాచార్,” అనేది. పిల్లలందరికీ నేర్పించింది.

*

బిందుమాధవి నాలుగో వారంలో దిగింది. హెర్టన్ ఇంటి ముందు ఎర్ర స్పోర్ట్స్ కారు, అందులోంచి నీలం సూటు, చెవులకి బుట్ట జుంకాలు. వీధిలో పిల్లలు బంతాట ఆపి చూశారు. పసిఫిక్ బ్లూ తరఫున శాంటా క్లారా నుంచి వచ్చిన కన్సల్టెంట్ అట.

ఇద్దరు తెలుగువాళ్లు డ్రైవ్‌వేలో ఎదురుపడితే ఏమవుతుందో అదే అయింది.

“తెలుగా అండీ?”

“అవును. మీదే ఊరు?”

“హన్మకొండ. మీది?”

“నాగాయలంక. ఇక్కడేం చేస్తుంటారు?”

“మీరు చెప్పుండ్రి ముందు.”

“ఫారాలు నింపుతుంటాను.”

“నేను నింపిస్త,” అంది బిందుమాధవి నవ్వి. ఆ నవ్వుకి అప్పటికి మూడు దేశాల్లో నలుగురు మగవాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకుని ఉన్నారు. “బాగున్నదండి. మంచి జోడీ మనది.”

వీ వెంటనే రిపోర్ట్ పంపాడు. గోపీనాథ్ గారి జవాబు రెండు ముక్కల్లో వచ్చింది. ‘ఆమెని చూసుకునేవాళ్లు వేరే ఉన్నారు. నువ్వు కొడుకుని చూసుకో.’ ఆ మొదటి ముక్క అర్థమేంటని వీ అడిగి ఉండాల్సింది.

*

వాళ్లలో బిడ్డకి మొదటి పుట్టినరోజు చేస్తే ఊరంతా కదిలొస్తుంది. ఆ శనివారం మధ్యాహ్నం స్ప్రింగ్‌డేల్ కమ్యూనిటీ హాల్లో బుబు మునిమనవరాలి మొదటి పుట్టినరోజు. నాలుగొందలమంది. పందిమాంసం, కొబ్బరి కలిపిన అన్నం ఉండలు, బకెట్ల కొద్దీ ఎర్ర ఫ్రూట్ పంచ్. వరసలు కట్టి డాన్సులు. ఆ గోలలో ఎవరు ఎక్కడ ఏ కాగితం మీద సంతకం పెట్టినా ఎవరికీ పట్టదు. ముఠావాళ్లు రోజు బాగానే ఎంచుకున్నారు.

వీ ముందు వరస బల్ల దగ్గర హెర్టన్ పక్కన కూచున్నాడు. ఎదురుగా పసిఫిక్ బ్లూ లాయర్, తెల్ల కోటు, మెడ లేని మనిషి. అతను కాగితాలు జరిపాడు.

“పెన్నుందా?” అన్నాడు హెర్టన్.

“నాది తీసుకో,” అన్నాడు వీ. అంతకన్నా తేలికైన ఆపరేషన్ అతని సర్వీసులో లేదు.

హెర్టన్ సంతకం పెట్టాడు. లాయర్ కాగితం మడిచి, థాంక్స్ చెప్పి, లేచాడు. పది నిమిషాల్లో అక్కడ తెల్ల కాగితం మిగులుతుంది. వీ బల్ల కింద ఫోన్‌లో ‘పార్సిల్ డెలివర్డ్’ అని టైప్ చేశాడు.

అప్పుడు వేదిక మీద ఒక పెద్దాయన బిడ్డని ఎత్తుకుని మైకు పట్టుకున్నాడు. పక్కనున్న కుర్రది వీ కోసం ఇంగ్లిష్‌లో చెప్తోంది. “ఈ బిడ్డ తల్లి ఫలానా. తల్లి తల్లి ఫలానా. వాళ్లమ్మ నెయ్మత్, వాళ్లమ్మ లిమేరి, వాళ్లమ్మ తార్మా. అందుచేత ఈ బిడ్డ లోజెన్ నేలకి చెందుతుంది.”

“మరి తండ్రి?” అన్నాడు వీ.

“ఆయనకేం సంబంధం అంకుల్? నేల అమ్మది కదా.”

వీ వేలు ‘సెండ్’ మీద ఆగిపోయింది. తండ్రి పేరు అడిగితే బుబు నవ్వింది. రెండుసార్లు తల్లి పేరే చెప్పింది. నేల తల్లి నుంచి కూతురికి పోతుంది. బతికున్న పెద్ద బుబు. ఆమె ఉండగా హెర్టన్ సంతకానికి విలువే లేదు. అతను పెట్టింది సాక్షి సంతకం. గుంటూరు జిల్లాలో పుట్టిన ఒక సైంటిస్టు 1974లో ఇంటింటికీ వెళ్లి పెద్ద కొడుకెవరని అడిగి రాసుకొచ్చాడు. దివిసీమలో పుట్టిన ఒక ఏజెంట్ దాన్ని నమ్మాడు. మన బుర్రలకి కొడుకు కనిపిస్తే చాలు, వెనకాల ఎవరున్నారో కనపడదు.

బుబు కుర్చీ ఖాళీగా ఉంది. హాలు వెనక వంటగది తలుపు మూసుంది. మెడ లేని లాయర్ అటే నడుస్తున్నాడు.

వీ పరిగెత్తాడు. రెండు వరసల డాన్సర్లని తోసుకుంటూ, ఎవరి పూలదండో మెడలో పడితే దాంతోనే వెళ్లి తలుపు తన్నాడు.

స్టీలు బల్ల ముందు బుబు కూచుని ఉంది. ఎదుట నోటరీ సీలు. పక్కన బిందుమాధవి, చేతిలో మామూలు పెన్ను, మామూలు సిరా. పెన్ను అప్పటికే బుబు చేతికి మారింది. మొదటి నాలుగక్షరాలు పడ్డాయి.

“బుబూ, వద్దు!”

బుబు తలెత్తింది. పెన్ను కాగితం మీదే ఉంది. ఆమె వెనక నిలబడ్డ లాయర్ చెయ్యి కోటు లోపలికి వెళ్లింది. వీ బల్ల మీదున్న బకెట్ రెండు చేతులా ఎత్తి లీజు మీద కుమ్మరించాడు. అయిదు గ్యాలన్ల ఫ్రూట్ పంచ్. పద్దెనిమిది పేజీలు, నాలుగక్షరాలు, రెండు పాత సంతకాలు ఎర్రగా కలిసిపోయి నేల మీదకి కారిపోయాయి.

తుపాకీ బయటికి వచ్చింది. కానీ వీ వెనకే హెర్టన్ వచ్చాడు. రోజుకి పదివేల కోళ్ల ఎముకలు తీసిన చెయ్యి లాయర్ మణికట్టు పట్టుకుంది. టక్కుమని శబ్దం వచ్చింది. తుపాకీ సింకులో పడింది. లాయర్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఐస్ సప్లై చేసేవాళ్ల యూనిఫాంలో ఉన్న ఇద్దరు డిపార్ట్‌మెంట్ మనుషులు లోపలికొచ్చి అతణ్ణి తీసుకుపోయారు.

“లేటయిన్రు వీ గారూ,” అంది బిందుమాధవి సూటు మీది చుక్కలు తుడుచుకుంటూ. “ఇంకో రెండక్షరాలైతే నేనే బకెట్ ఎత్తేదాన్ని.”

“నువ్వు మా మనిషివా?”

“రెండేళ్లసంది. ముఠాలో కూచొని మీకే చెప్తున్న.”

“మరి ముందే ఎందుకు ఆపలేదు?”

“సంతకం ఎవరిదో తెల్వాలె కదా. కొడుకుదో, తల్లిదో. మీ ఫైల్లో తప్పున్నది.” ఒక్క క్షణం బుబు వైపు చూసి, చూపు తిప్పుకుంది. “ఇప్పుడు తెలిసింది.”

*

ఆ సాయంత్రం వీ బుబు పక్కన చాప మీద కూచున్నాడు. ముసలావిడ అలిగి ఉంది. బోటు పోయిందని.

“వాళ్లు అబద్ధాలకోర్లు బుబూ. సంతకం పెట్టుంటే నీ దీవే పోయేది.”

“నా చోటు?”

“అదీ పోయేది. నేను కనుక్కుంటాను. నిన్ను లోజెన్‌కి నేను పంపిస్తాను, మా అమ్మమ్మ మీద ఒట్టు. నేను చెప్పేదాకా మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.”

“నువ్వు పంపావని ఇంకెవరైనా వస్తే?”

మంచి ప్రశ్న. వీ ఆలోచించాడు. “నా మనిషైతే ఒక మాట చెప్తారు. ‘ఉలవచారు’. ఆ మాట చెప్పనివాళ్లు దేవుడైనా సరే, తలుపు తియ్యకు.”

బుబు మొహం విప్పారింది. “ఉలావాచార్,” అంది గట్టిగా, ప్రమాణం చేస్తున్నట్టు.

ఇంటికెళ్లి వీ ఆపరేషన్ ముగింపు ఫారం తెరిచాడు. నలభై రెండు గడులు. తేదీ, స్థలం, వాడిన పరికరాలు, అయిన ఖర్చు. వరసగా నింపుకుంటూ వచ్చాడు. ముప్ఫై తొమ్మిదో గడి: ‘సదరు వ్యక్తితో నమ్మకం కుదుర్చుకున్న ప్రత్యేక సంకేతం ఏదైనా ఉందా? ఉంటే రాయండి.’

అయిదు నిమిషాలు దాన్ని చూస్తూ కూచున్నాడు. ‘లేదు’ అని రాయొచ్చు. ఖాళీ వదిలేయొచ్చు. ఎవడొచ్చి చూస్తాడు? కానీ అబద్ధం రాస్తే ఫైలు వెనక్కొస్తుంది. ఖాళీ వదిలినా వెనక్కొస్తుంది. పదకొండేళ్ల భయం వేళ్ల చివర్లో ఉంది. మాట రాశాడు. ఎలా పలకాలో కూడా రాశాడు. కింద గీత కొట్టాడు.

*

మూడు వారాల తర్వాత, మంగళవారం, కార్ వాష్.

“కోడ్ చెప్పు.”

“చెప్పండి సార్, ఏంటి?”

గోపీనాథ్ గారు రెట్టించలేదు. ఒళ్లో ఒక కవర్ పెట్టాడు. “కంగ్రాచ్యులేషన్స్. నీకు మెడల్ రికమెండ్ చేశారు. ముఠా మొత్తం దొరికింది. లోజెన్ సేఫ్.”

“సేఫ్ అంటే?”

“మన చేతిలో ఉంది. పాత సంతకాలవాళ్లు మళ్లీ పెట్టారు. మూడోది మొన్న శుక్రవారం పడింది.”

వీ కవర్ చించాడు. పద్దెనిమిది పేజీలు. అవే పేజీలు, అదే అరవై ఏళ్లు. పైన లెటర్‌హెడ్ మాత్రం మారింది. చివరి పేజీలో వంకర అక్షరాల్లో, పూర్తిగా, నెయ్మత్. పద్నాలుగో క్లాజు చదివాడు. దీవిలో ఉన్న నలభై ఒక్క మందిని మజురోకి తరలిస్తారు. లీజు ముగిసేవరకు సివిలియన్స్ ఎవరికీ ప్రవేశం లేదు.

“బతికున్నవాళ్లకేనా సార్, పోయినవాళ్లకి కూడానా?”

“వీ, ప్రాక్టికల్‌గా ఆలోచించు. ఎవరో ఒకరు తీసుకునేవాళ్లే. మనం కాకపోతే వాళ్లు.”

“సంతకం ఎలా పెట్టింది?”

గోపీనాథ్ గారు అద్దం మీద జారుతున్న నురగ వైపు చూశాడు. “నీ రిపోర్ట్ చాలా కంప్లీట్‌గా ఉందోయ్. పైవాళ్లు మెచ్చుకున్నారు.”

వీ కాగితాలు మడిచి డాష్‌బోర్డ్ మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “డెబ్భై నాలుగులో మీరు ఆ బావి నీళ్లు తాగలేదట.”

ముసలాయన చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. డీలక్స్ ప్యాకేజీలో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

వీ అక్కణ్ణుంచి నేరుగా స్ప్రింగ్‌డేల్ వెళ్లాడు. దారిలో చెప్పాల్సిందంతా కూడబలుక్కున్నాడు. మోసపోయావు బుబూ. మోసం చేసింది నేనే. ఇంకో లాయర్ని చూద్దాం. తలుపు తట్టేసరికి ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

బుబు గుమ్మంలోనే అతని రెండు బుగ్గలూ పట్టుకుంది. ముందుగదిలో రెండు పెట్టెలు సర్ది ఉన్నాయి. చాప పూర్తయింది. చుట్టి, తాడుతో కట్టి, పెట్టెల మీద పెట్టి ఉంది.

“మాట నిలబెట్టుకున్నావు,” అంది. “బోటు ఎప్పుడు?”

వీ చాప వైపు చూశాడు. చుట్ట చివర ఆమె పేరు, తల్లి పేరు, ఆమె తల్లి పేరు నల్లటి ఆకుతో అల్లి ఉన్నాయి. నోరు తెరిచాడు. ఏడుపు వచ్చింది. ఆమె దాన్ని సంతోషమనుకుంది.

“నువ్వు పంపిన ఆ జుంకాల అమ్మాయి ఎంత మంచిదో,” అంది బుబు, అతని కళ్లు తుడుస్తూ. “తలుపు తియ్యకముందే మాట చెప్పింది. ఏమనుకోకు నాన్నా, నీకన్నా బాగా పలికింది.”